గుండె చప్పుడు గడియారానికి, ఆయాసం మనకి

(బరంపురంలో పొద్దున్నే నడకకు వచ్చే తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు మాట్లాడిన మాటలు. ఫోన్లో రికార్డు చేసి, విన్నది విన్నట్టుగా రాసుకున్నది.)

పెద్దలకు నమస్కారం. అమ్మలకీ, అప్పలకీ నమస్కారం. మైకు అక్కర్లేదు బాబూ, ముప్ఫైనాలుగేళ్ళు మైదానంలో ఈల ఊది, అరిచి బతికినవాణ్ణి. ఆ చెట్టు కిందున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

మాట మొదలెట్టే ముందు ఒక పని ఉంది. ఒరేయ్, ఇటు రా. వీడు మా పెద్ద మనవడు, ఇరవై రెండేళ్ళు. రెండు చేతులకీ రెండు స్మార్ట్ గడియారాలు కట్టాను చూడండి, గుండె వేగం, అడుగులు లెక్కపెట్టేవి. (నవ్వులు) ఒకటి మా అబ్బాయి విశాఖపట్నం నుంచి పంపింది, రెండోది నేను ఇక్కడే బజార్లో కొన్నది. కంపెనీలు వేరు. వీడిప్పుడు మైదానం చుట్టూ మూడు చుట్లు నడుస్తాడు. ఎడమ చెయ్యి హాయిగా ఊపుకుంటాడు. కుడి చేత్తో ఈ గొడుగు తెరిచి పట్టుకుంటాడు, ఆ చెయ్యి కదపడు. వెనకాల మా చిన్నమ్మలు వెళ్తుంది. దాని దగ్గర చింతపిక్కలున్నాయి. అన్నయ్య అడుగులు నోటితో లెక్కపెట్టి, నూరైనప్పుడల్లా ఒక పిక్క ఈ జేబులోంచి ఆ జేబులోకి. వెళ్ళండర్రా. పరుగొద్దు. కాస్త జోరుగా నడిస్తే చాలు.

వాళ్ళొచ్చేలోపు నా మాట ముగించాలి. అదే నాకు గంట.

ఈ మాట చెప్పమని నన్నెందుకు అడిగారో మీకు తెలుసు. పోయిన నెల మన జట్టులో ఇద్దరు వియ్యంకులు గొడవపడ్డారు. పేర్లొద్దు, ఇద్దరూ ఇక్కడే కూర్చున్నారు. ఒకే దారిన, పక్కపక్కనే, కబుర్లు చెప్పుకుంటూ నలభై నిమిషాలు నడిచారు. ఆఖర్న ఒకాయన గడియారం ‘తీవ్ర వ్యాయామం’ అంది. రెండో ఆయనది ‘తేలిక నడక’ అంది. తేలిక అనిపించుకున్నాయనకి రోషం వచ్చింది. వారం రోజులు పళ్ళు బిగబట్టి, గడియారంలో ‘తీవ్రం’ అని చూపించే ఆ ఎర్ర గీత ముట్టుకోవాలని నడిచారు. ఎనిమిదో రోజు కళ్ళు తిరిగి, ఆ గేటు పక్క అరుగు మీద కూలబడ్డారు. నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది నేనే. ఆయనకి ఏమైందో తర్వాత చెప్తాను. ముందు గడియారం సంగతి చూద్దాం.

ఈ గడియారాలు చెప్పే కబుర్లు చాలా ఉంటాయి. గుండె వేగం, అడుగులు, కేలరీలు, నిద్ర, మనసు ఒత్తిడి, కొన్నయితే ‘మీ ఒంటి వయసు ఇంత’ అని కూడా చెప్తాయి. ఇన్నిట్లో అది నిజంగా చూసేవి ముఖ్యంగా రెండే. చర్మం మీద వెలుగు. చెయ్యి కదలిక. జీపీఎస్ ఉంటే మనం ఎక్కడున్నామో అది మూడోది. మిగతావి చాలావరకు ఈ రెండు మూడింటి మీంచి అది అల్లుకున్న ఊహలు. ఊహ తప్పు అనడం లేదు, మా అమ్మ కూడా చెయ్యి ముట్టుకుని జ్వరం ఎంతో చెప్పేది. కానీ అది థర్మామీటరు కాదని మా అమ్మకి తెలుసు. గడియారం తన ఊహని కూడా పాయింటు పక్కన అంకెలతో సహా చూపిస్తుంది. మనం మోసపోయేది అక్కడ.

వెలుగు అన్నాను కదా. గడియారం తిరగేస్తే వెనక పచ్చగా మెరుస్తుంది, చూసే ఉంటారు. పచ్చదనం ఎందుకంటే, నెత్తురు ఎర్రగా కనపడుతోందంటే ఎరుపుని వెనక్కి పంపి పచ్చని మింగేస్తోందనే. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు దగ్గరి సన్న నాళాల్లోకి కాస్త ఎక్కువ నెత్తురొస్తుంది, కాస్త ఎక్కువ పచ్చవెలుగుని మింగుతుంది. తిరిగొచ్చే వెలుగు ఆ క్షణం తగ్గుతుంది. మళ్ళీ పెరుగుతుంది. ఆ తగ్గుల్ని లెక్కపెట్టడమే దాని పని. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. హెర్ట్జ్‌మన్ అనే అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు 1937లోనే వేళ్ళ మీద వెలుగు వేసి నెత్తురు పోటు చూశాడు. చేతికి కట్టుకునే సైజుకి రావడానికే ఇన్నాళ్ళు పట్టింది.

ఛాతీకి కట్టుకునే పట్టీ వేరే జాతి. అది వెలుగు చూడదు, గుండెలో పుట్టే కరెంటుని చూస్తుంది, ఆసుపత్రిలో ఈసీజీ తీసినట్టు. ఫిన్లాండులో పోలార్ అనే కంపెనీ 1982లో వైరు లేని పట్టీని బజార్లోకి తెచ్చింది. ఈ రోజుకీ పరుగుపందెం వాళ్ళు నమ్మేది దాన్నే. కానీ పొద్దున్నే చొక్కా లోపల తడి పట్టీ బిగించుకుని ఎవరు నడుస్తారు చెప్పండి. అందుకే చేతి గడియారం గెలిచింది.

ఇప్పుడొక తమాషా. ఇది అరటిపండు. ఇది నా గడియారం. పండుకి కట్టాను, గుండె వేగం కొలవమన్నాను. కాస్త ఆగండి... చూడండి, ముందు వరసలో వాళ్ళు చదివి చెప్పండి. (‘డెబ్భై ఎనిమిది!’ — నవ్వులు) అరటిపండుకి గుండె ఉంది, అదీ మన అందరికంటే ఆరోగ్యంగా కొట్టుకుంటోంది. ఇది గడియారం అబద్ధం ఆడటం కాదు. ఒక వెలుగు వెళ్ళింది, వెనక్కొచ్చింది, అందులో సన్నటి ఒణుకులున్నాయి. ‘ఇందులో ఒక లయ ఉండాలి, వెతుకు’ అని దానికి నేర్పారు. వెతికింది. దొరకనప్పుడు దొరకలేదని చెప్పడం కొన్ని గడియారాలకి నేర్పారు, కొన్నిటికి నేర్పలేదు. ఊరుకున్న అరటిపండు దగ్గరే ఇలా ఉంటే, ఊగుతున్న చేతి దగ్గర దాని అవస్థ ఏమిటో ఊహించండి.

చెయ్యి ఊగితే గడియారం చర్మం మీద జారుతుంది, లోపలి నెత్తురూ అటూ ఇటూ ఒలుకుతుంది. వెలుగులో రెండు లయలు కలుస్తాయి, ఒకటి గుండెది, ఒకటి నడకది. నడక లయని కదలిక చూసే చిప్పుతో పట్టుకుని తీసేసి, మిగిలింది గుండెది అనుకుంటుంది. చాలాసార్లు సరిగ్గానే తీస్తుంది. ఒక్కోసారి తీసెయ్యాల్సినదాన్ని ఉంచుకుని, ఉంచాల్సినదాన్ని తీసేస్తుంది. పరుగెత్తే కుర్రాళ్ళలో ఇది ఎక్కువ. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే గుండె కూడా 160 అని చూపిస్తుంది, అసలు గుండె 130 దగ్గరుంటుంది. ఆ అంకె చూసి కుర్రాడు ‘అబ్బో’ అనుకుంటాడు. ఆ అబ్బో వాడి కాళ్ళది, గుండెది కాదు.

వదులుగా కట్టుకుంటే ఇదంతా ఇంకా ఘోరం. ఆడవాళ్ళు గాజుల మధ్య కట్టుకుంటారు, అది అస్సలు కుదరదు. మణికట్టు ఎముక మీద కాదు, దానికి ఒక వేలు పైన, చర్మానికి అంటుకునేలా. నడక అయ్యాక కావాలంటే వదులు చేసుకోండి. ఇంకో సంగతి, పచ్చబొట్టు. మా అమ్మమ్మకి ముంజేతి నిండా పచ్చబొట్టే. సిరా వెలుగుని మింగేస్తుంది, గడియారానికి నెత్తురు కనపడదు. ఇప్పటి గుంటలు టాటూ అంటున్నారు గాని సిరా సిరాయే. మన ఊరి ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టేవాళ్ళు ఒళ్ళంతా రంగు పూసుకుని గంటలకొద్దీ ఆడతారు కదా, నిజమైన వ్యాయామం అంటే అదే, కానీ ఆ రంగు మీద గడియారం కట్టి ప్రయోజనం లేదు.

పిడికిలి బిగిస్తే కూడా పనిచెయ్యదు. మన బరంపురం కుర్రాడు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు, మీకందరికీ గుర్తే. ఆ బరువు ఎత్తేటప్పుడు మణికట్టు వెనక్కి వంగుతుంది, ముంజేతి కండలు రాయిలా బిగుస్తాయి, నాళాలు నొక్కుకుపోతాయి. మనిషి గుండె గంతులేస్తుంటే గడియారం తొంభై దగ్గర కునుకు తీస్తుంటుంది. సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నా కొంతవరకు ఇదే కథ. పైగా బరువులెత్తేవాడి జోరుని గుండె వేగంతో కొలవడమే పొరపాటు, ఎంత బరువు ఎన్నిసార్లు అన్నదే అక్కడ లెక్క.

దీన్ని బాగా పరీక్షించినవాళ్ళున్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ఏడు రకాల గడియారాలు 60 మంది చేతులకి కట్టి నడిపించారు, పరుగెత్తించారు, సైకిలు తొక్కించారు. గుండె వేగం ఏడింట్లో ఆరు 5 శాతం తేడా లోపలే చెప్పాయి. ఇది చాలా మంచి మార్కు. అదే గడియారాలు కేలరీల దగ్గర ఏమన్నాయో వినండి. అన్నిట్లోకీ బాగా చెప్పినదే సగటున 27 శాతం తప్పింది. అన్నిట్లోకీ అధ్వాన్నం 93 శాతం. ఒకే చెయ్యి, ఒకే గడియారం, ఒకే నిమిషం. కొలిచిన దాంట్లో ఫస్టు క్లాసు, ఊహించిన దాంట్లో ఫెయిలు.

నల్లటి ఒళ్ళున్నవాళ్ళ మీద తప్పు ఎక్కువ వస్తుందా అని మనవాళ్ళు అడుగుతుంటారు, న్యాయమైన ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అవును, ఎక్కువే అన్నారు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 53 మంది మీద చూసి, ఒంటి రంగుతో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదన్నారు. కానీ కూర్చున్నప్పటికంటే కదులుతున్నప్పుడు తప్పు సగటున 30 శాతం పెరిగిందని వాళ్ళే అన్నారు. నాకు తోచింది చెప్తాను, మనకి రంగుకంటే వదులు పట్టీ పెద్ద శత్రువు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. జోరు. ఇంగ్లీషువాళ్ళు ఇంటెన్సిటీ అంటారు, మనం జోరు అనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క, పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ జోరులో, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి జోరులో కదలాలి. మరి ఏది మధ్యస్థం, ఏది గట్టి? నీ గుండె ఎక్కగల పైమెట్టుని నూరనుకుంటే, 64 నుంచి 76 శాతం మధ్యస్థం, 77 నుంచి 93 దాకా గట్టి. బాగుంది. కానీ నీ గుండె పైమెట్టు ఎంతో గడియారానికి ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. నువ్వు కొన్నరోజు పుట్టినతేదీ అడిగింది. 220లోంచి వయసు తీసేసింది. అయిపోయింది.

ఈ 220 ఎక్కడిదనుకున్నారు? 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అని ముగ్గురు పరిశోధకులు రాసిన వ్యాసంలోది. అంతకుముందు ఎవరెవరో చేసిన కొలతల్ని పటం మీద చుక్కలుగా పెట్టి, వాటి మీదుగా ఒక గీత గీశారు. దాన్ని సూత్రంగా నిరూపించాలని వాళ్ళేమీ పూనుకోలేదు. గుర్తుపెట్టుకోవడానికి సులువు కాబట్టి బడి పుస్తకాల్లోకొచ్చింది, జిమ్ముల గోడలెక్కింది, చివరికి మన మణికట్టెక్కింది. నేనూ ముప్ఫైనాలుగేళ్ళు అదే నేర్పాను, ఒప్పుకుంటున్నా. తర్వాత 2001లో టనాకా అనే ఆయన బృందం చాలా పరిశోధనల్ని కలిపి చూసి, 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే నయమన్నారు. నయమే. కానీ ఏ సూత్రమైనా సగటు మనిషికే. అసలు మనిషి ఆ సగటుకి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు, అంతకంటే దూరంగా ఉండేవాళ్ళూ కొదవలేదు.

మన వియ్యంకులిద్దరిదీ ఒకే వయసు, అరవై నాలుగు. 220 లెక్కన పైమెట్టు 156. ఒక మనిషి గుండె నడకలో 108 కొట్టుకుంటోందనుకోండి. 156లో అది 69 శాతం, మధ్యస్థం. అదే మనిషి అసలు పైమెట్టు 172 అయితే 63 శాతం కూడా నిండదు, తేలిక. అసలు పైమెట్టు 140 అయితే 77 శాతం దాటింది, గట్టి జోరు. చూశారా? 108 మారలేదు. గడియారం దాన్ని సరిగ్గానే లెక్కపెట్టింది. తీర్పు మాత్రం మూడు రకాలు. గడియారం కొలత తప్పు కాదు, అది పట్టుకున్న కొలబద్ద మనది కాదు. మన పెద్దమనిషి కాలికి ఇంకొకరి చెప్పు తొడిగి ‘నీ పాదం పెద్దది’ అన్నట్టు.

ఇప్పుడు అరుగు మీద కూలబడ్డాయన సంగతి. నీళ్ళు తాగించాక ఒకే ప్రశ్న అడిగాను, బీపీకి ఏం మాత్ర వేసుకుంటున్నారు అని. అటెనలాల్. ఆ జాతి మాత్రలు, మెటోప్రొలాల్ కూడా అదే జాతి, గుండెకి కళ్ళెం వేస్తాయి. వాటి పనే అది. మనిషి ఎంత కష్టపడ్డా గుండె వేగం పెద్దగా పెరగనివ్వవు. ఆయన ఒళ్ళు నిజంగా గట్టి జోరులో ఉంది, ఊపిరి ఎగదన్నుతోంది, గడియారం మాత్రం ‘తేలిక, ఇంకా ఇంకా’ అంటోంది. దానికి మాత్ర సంగతి తెలియదు కదా. ఆ మాత్రలు వాడేవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే. మీరు గడియారంలో ఆ రంగుల గీతల వంక చూడకండి. మీకు ఎంత వేగం తగునో మీ డాక్టరు చెప్పాలి. మాత్ర మాత్రం మీ అంతట మీరు మానెయ్యొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను, రేపు ఎవరో ‘మాస్టారు చెప్పారు’ అనకూడదు.

రెండో వియ్యంకుడికి ‘తీవ్రం’ ఎందుకొచ్చింది? మే నెల, ఉక్కపోత. సముద్రపు గాలి తేమకి చెమట ఆరదు. ఒంటి వేడి దింపడానికి గుండె నెత్తుర్ని చర్మానికి కూడా పంపాలి, నీళ్ళు తగ్గేకొద్దీ ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అదే నడక జనవరిలో నడిస్తే అంకె తక్కువుంటుంది. గడియారం దృష్టిలో ఆయన వేసవిలో వీరుడు, చలికాలంలో బద్ధకస్తుడు. (నవ్వులు)

అడుగుల గురించి ఎక్కువ చెప్పను, వాళ్ళు వచ్చాక మీరే చూస్తారు. కానీ మన ఊరి తమాషా ఒకటి చెప్పాలి. మా వీధిలో పట్టుచీరలు నేసే ఒకాయనకి కూతురు గడియారం కొనిచ్చింది. రాత్రికి చూస్తే పదివేల అడుగులు పూర్తి, తెర మీద టపాసులు పేలుతున్నాయి. ఆయన ఆ రోజు గడప దాటలేదు. పొద్దుటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని నాడె ఆడించాడు. చెయ్యి లయగా ఊగింది, గడియారం నడక అనుకుంది. అప్పడాలు ఒత్తే మా వదినకీ అంతే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజంతా మగ్గం తొక్కేవాడి ఒళ్ళు ఊరుకుందా? లేదు, అదీ శ్రమే. గడియారం ఆ శ్రమని చూడలేదు, లేని నడకని చూసి పొగిడింది. అటు, తల మీద తట్ట పెట్టుకుని చేత్తో పట్టుకుని రెండు మైళ్ళు నడిచొచ్చే మనిషికి అడుగులు తగ్గించి చూపిస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచే పెద్దాయనకీ అంతే. కష్టపడ్డవాళ్ళకి తక్కువ మార్కులు వేసే మాస్టార్లని చూశాను గాని, ఇంత నిష్పక్షపాతంగా తప్పు వేసేదాన్ని చూడలేదు.

పదివేలు అన్న అంకె కూడా డాక్టర్లు ఇచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్సు అయిన మరుసటి ఏడు, 1965లో, ఒక జపాను కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మాన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకానికి పెట్టిన పేరు మనకి నియమమై కూర్చుంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న దాదాపు 17 వేల మంది ఆడవాళ్ళని గమనిస్తే, మరీ తక్కువ నడిచేవాళ్ళకంటే రోజుకి 4,400 అడుగులు నడిచేవాళ్ళలో మరణాలు తక్కువ కనపడ్డాయి, 7,500 దగ్గరికొచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగింది. కాబట్టి రాత్రి పదింటికి వంటింట్లో గుండ్రంగా తిరిగి ఆ మిగిలిన ఆరువందలు పూర్తిచేసే అలవాటు మానండి, పక్కింటివాళ్ళు భయపడుతున్నారు.

గోపాలపూరు సముద్రానికి వెళ్తారు కదా, ఈసారి ఒక పని చెయ్యండి. రోడ్డు మీద పది నిమిషాలు, పొడి ఇసకలో అదే వేగంతో పది నిమిషాలు నడవండి. ఇసకలో నడకకి గట్టి నేల మీదకంటే రెండు రెట్లకు పైనే శక్తి ఖర్చవుతుందని కొలిచి చూసినవాళ్ళు చెప్పారు. చేతి కదలికని మాత్రమే చూసే గడియారానికి రెండూ ఒకటే నడక. తారాతారిణి కొండ 999 మెట్లూ అంతే, గాలి పీడనం చూసే చిప్పున్నవి ఎత్తు పట్టుకుంటాయి, లేనివాటికి అది చదును నేలే. గుండె వేగం కూడా కలిపి చూసేవి కాస్త నయం.

కేలరీలు. దీన్ని త్వరగా తేల్చేస్తాను. డెబ్భై కిలోల మనిషి గంటకి ఐదు కిలోమీటర్ల లెక్కన గంటసేపు నడిస్తే సుమారు 245 కేలరీలు. ఇందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే డెబ్భై కలిసే ఉన్నాయి, నడక వల్ల అదనంగా పోయింది 175. మంచి గడియారమే 27 శాతం తప్పితే అది 311 అనొచ్చు, 179 అనొచ్చు. 311 చూసిన మనిషి నేరుగా కొట్టు దగ్గరికెళ్ళి రెండు ప్లేట్లు బరా ఘుగుని లాగిస్తాడు, ‘ఖర్చయింది కదా’ అంటాడు. నేను పేర్లు చెప్పనన్నాను కదా, అటు చూడకండి. (నవ్వులు)

మరి జోరు ఎలా తెలుసుకోవాలి? నా దగ్గర ఉన్న సాధనం పాతది. నడుస్తూ పద్యం చెప్పండి. మీకొచ్చిన ఏ ఆటవెలదైనా సరే. రాగం తీసి, సాగదీసి పాడగలిగితే తేలిక. పాదం పూర్తిగా చెప్పగలుగుతున్నారు గాని రాగం తియ్యడానికి ఊపిరి చాలడం లేదంటే మధ్యస్థం. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటున్నారంటే గట్టి జోరు. ఇది నా తెలివి కాదు, మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం అన్నది వ్యాయామ శాస్త్రంలో ఒప్పుకున్న పరీక్షే. పద్యం పెట్టింది మాత్రం నేను. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ ఆయాసానికి 6 నుంచి 20 దాకా ఒక మెట్ల వరస కూడా తయారుచేశాడు. 6 అంటే ఊరికే కూర్చోవడం, 20 అంటే ఇక నా వల్ల కాదు. ఆ అంకెని పదితో హెచ్చిస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడి గుండె వేగానికి దగ్గరగా ఉండేలా చూసి పెట్టాడు. మాత్రలు వేసుకునేవాళ్ళకి ఆ హెచ్చింపు పనికిరాదు, ఆయాసం మెట్టు మాత్రం పనికొస్తుంది. ఎందుకంటే చెప్పేది ఒళ్ళు.

అలాగని గడియారం విప్పి పారెయ్యమనడం లేదు. నేనూ కట్టుకున్నా. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందు గుండె వేగం చూస్తాను. అప్పుడు చెయ్యి ఊగదు, చెమట ఉండదు, దాని మాట నమ్మొచ్చు. నెలకీ నెలకీ ఆ అంకె ఎటు పోతోందో చూస్తాను. అదే గడియారం, అదే దారి, అదే వేళ. నిరుడు రైల్వే గేటు దాకా వెళ్ళొస్తే 118 ఉండేది, ఇప్పుడు 110 దగ్గరుంటోంది. తప్పు ఉన్నా రెండుసార్లూ ఇంచుమించు ఒకే తప్పు ఉంటుంది కాబట్టి తేడా పనికొస్తుంది. నా గడియారాన్ని మీ గడియారంతో పోల్చుకుంటేనే వియ్యంకుల మధ్య గొడవలు.

గుండె మరీ గతి తప్పి కొట్టుకుంటున్నట్టు గడియారం పదే పదే చెప్తే, లేదా ఛాతీ పట్టేస్తే, గడియారంతో వాదన పెట్టుకోకండి, డాక్టరు దగ్గరికెళ్ళండి. ఛాతీ పట్టేసినప్పుడు గడియారం ‘అంతా బాగుంది’ అన్నా సరే, వెళ్ళండి.

ఆ, వస్తున్నారు. దారివ్వండమ్మా. ఆగు, కూర్చోకు, ముందు చెయ్యి ఇటివ్వు. ఆగితే గుండె వేగం చరచరా పడిపోతుంది, అందుకే ఈ తొందర. బొటనవేలు కింద, ఇక్కడ నాడి. పదిహేను సెకన్లు, ఎవరైనా టైం చూడండి... ఇరవై ఏడు. నాలుగుతో హెచ్చిస్తే 108. ఎడమ గడియారం ఎంత? 109. కుడిది? 106. చూశారా, గుండె దగ్గర ముగ్గురం ఒకే మాట.

ఇప్పుడు అడుగులు. ఎడమది, ఊగిన చెయ్యి, 1,612. గొడుగు పట్టుకున్నది... 1,187. అవే కాళ్ళు! చిన్నమ్మలూ, నీ పిక్కలెన్ని? పదహారు. పైన? నలభై. అంటే 1,640. మధ్యలో ఎక్కడైనా మరిచిపోయావా? కుక్కపిల్ల కనపడితే ఒక్కసారా? సరే, ఒక్కసారికి పర్లేదు.

కేలరీలు కూడా చదవరా. ఎడమది 71. కుడిది 48. (నవ్వులు) తాతయ్యా, ఏది నిజం అంటున్నాడు. నాకేం తెలుసురా, నువ్వు నడుస్తూ పద్యం చెప్పావా లేదా? చెప్పలేదా? అయితే గొడుగు ముడిచి అక్కడ పెట్టు, ఇంకో చుట్టు తిరిగి రా.